మన రేడియోల ఎవరి పాట?

(నాదర్‌గుల్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరులోనే ఉంచాం. రెండుసార్లు వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)



నన్ను పిలిచిన పని చిన్నదే. మీలో కొందరు పిల్లలు ఒక చిన్న సముదాయ రేడియోలో పని చేస్తున్నారు. అది ఇప్పుడు కొస ప్రాణంతో ఉంది. కరెంటు బిల్లుకే కటకట. వినేవాళ్లు తగ్గిపోయారు, ప్రకటనలు రావటం లేదు. మొన్న అందరూ కూసోని మాట్లాడుకుంటే పంచాయితీ అంతా ఒక్కదాని చుట్టే తిరిగిందట: ఏం పాటలు వెయ్యాలె?

ఒక తమ్ముడు, "సినిమా పాటలే వేద్దాం, పెద్ద రేడియోలోళ్లు అవే కదా వేస్తున్నరు" అన్నాడట. ఒక చెల్లె, "సినిమా పాటను గడప తొక్కనియ్యొద్దు, జానపదమే ఉండాలె" అన్నదట. మూడో మాట ఒక పెద్దాయనది. "ఏమన్న పెట్టుకోండ్రి గని డప్పు పెట్టకుండ్రి. డప్పు ఇంటే మా నాయిన వంగిన నడుమే యాదికొస్తది" అన్నాడట. మొదటి రెండు మాటలకు నా దగ్గర జవాబు ఉంది. మూడో దానికి లేదు. అయినా చివర్లో దాని దగ్గరికి వస్తాను.

నాదర్‌గుల్ వాళ్లకు నెత్తి మీద చిన్న విమానాలు తిరగటం కొత్త కాదు. కింద నేల ఎట్లా పోయిందో మీకు తెలుసు. పొలాలు ప్లాట్లయినాయి, మనం ఆ ప్లాట్లకు వాచ్‌మెన్లమైనాం. మరి పైన ఆకాశం ఎవరిది? 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. క్రికెట్ ఆట ప్రసారం ఎవరిదన్న తగాదాలో వచ్చిన తీర్పు అది. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. తీర్పు ఇచ్చినవాళ్లలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు, మన జీవన్ రెడ్డి ఒకరు. తీర్పు వచ్చినా తరంగం మన చేతికి రాలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు 2002లో "మన రేడియో" అని చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటే 2003లో మూయించారు. బీహార్‌లో మన్సూర్‌పూర్ అనే ఊళ్లో రాఘవ్ మహతో అనే రిపేరు షాపు కుర్రవాడు సొంతంగా రేడియో నడిపితే 2006లో అదీ బంద్. లైసెన్సు లేదన్నారు. లైసెన్సు ఇచ్చే దారి ఉంటే కదా తీసుకునేది! ఊరి సంఘాలు కూడా రేడియో పెట్టుకోవచ్చన్న విధానం 2006 చివర్లో గాని రాలేదు.

మన దళిత ఆడవాళ్లు ఆ దారి తెరుచుకుని ముందుకుపోయారు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల వాళ్లు యునెస్కో సాయంతో 1998లోనే రేడియో గది కట్టుకున్నారు. లైసెన్సు కోసం పదేండ్లు కాసుకున్నారు. ఆ పదేండ్లు చేతులు కట్టుకుని కూసోలేదు. పాటలు, మాటలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఆ తీర్పు చెప్పిన సావంత్ గారే. రేడియో నడిపింది అల్గోల్ నర్సమ్మ, జనరల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత ఆడబిడ్డలు. ఆ రేడియోకు ఏ పాట వెయ్యాలన్న తగాదా పెద్దగా రాలేదు. పదేండ్లు క్యాసెట్లు నింపినవాళ్ల దగ్గర పాటలకు కరువెక్కడిది? మీకు ఆ పదేండ్లు లేవు. అందుకే మీకీ పంచాయితీ.

ఇప్పుడు తమ్ముడి మాటకొస్తాను. సినిమా పాటలు వేస్తే జనం వస్తారా? తమ్ముడూ, సినిమా పాట వినాలంటే ఇవ్వాళ మీ రేడియో ఎందుకు? ప్రతివాడి జేబులో ఉంది. ఆటోలో ఉంది, టీకొట్టులో ఉంది, పెండ్లి బారాత్‌లో చెవులు పగిలేటట్టు ఉంది. పట్నంలో పెద్ద రేడియోలు కిలోవాట్ల లెక్కన కూస్తుంటాయి. మీది వంద వాట్లు. ఎల్‌బీ నగర్ దాటితే గరగర. అదే పాటను వాళ్ల కంటే సన్నగా, గరగరతో వేస్తే ఎవరు తిప్పుతారు మీ వైపు? పైగా సినిమా పాటకు హక్కుదారులు ఉంటారు, వాళ్లకు రుసుము కట్టాలె. కరెంటు బిల్లు కట్టలేనోళ్లం పాట బిల్లు కడతామా?

దీనికి ఒక పాత ముచ్చట చెప్తాను. మన ఊరిది కాదు, అమెరికాది. నల్లవాళ్ల పోరాటం గురించి మన వాడల్లో ఎప్పటినుంచో మాట్లాడుకుంటున్నాం. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ ఆ పేరు అక్కడినుంచే తెచ్చుకున్నారు. అక్కడ మెంఫిస్ అనే పట్నంలో 1947లో ఇద్దరు తెల్లవాళ్లు డబ్ల్యూడీఐఏ అని చిన్న రేడియో పెట్టారు. 250 వాట్లది. అన్ని రేడియోలు వేసే తెల్లవాళ్ల పాటలే వేశారు. ఎవరూ వినలేదు. అప్పుల్లో పడ్డారు. ఆ ఊళ్లో నూటికి నలభై మంది దాకా నల్లవాళ్లు. వాళ్ల కోసం ఒక్క రేడియో లేదు. దివాలా ముందు కనపడుతుంటే, 1948 అక్టోబరులో నాట్ డి. విలియమ్స్ అనే నల్ల మాస్టారును మైకు ముందు కూసోబెట్టారు. బడిలో చరిత్ర చెప్పే పంతులు ఆయన. తెల్లవాళ్ల నుంచి బెదిరింపులు వచ్చాయి. రేడియో వెనక్కి తగ్గలేదు. ఏడాది తిరిగేసరికి మొత్తం రేడియోనే నల్లవాళ్ల పాటకు, నల్లవాళ్ల మాటకు ఇచ్చేశారు. చర్చి పాట, కూలీల పాట, బ్లూస్ అని వాళ్లు పిలుచుకునే దుఃఖం పాట వేశారు. తప్పిపోయిన పిల్లల కబురు, పోయిన వస్తువుల కబురు చెప్పారు. 1954కల్లా అది 50 వేల వాట్ల రేడియో అయింది. బి.బి. కింగ్ అని ప్రపంచమంతా పేరున్న గిటారు పాటగాడు అక్కడినుంచే పైకి వచ్చాడు.

అంటే ఏంది? పడిపోతున్న రేడియోను నిలబెట్టింది, పెద్ద రేడియోలు వద్దని పారేసిన పాట. అయితే తొందరపడి చప్పట్లు కొట్టకండి. మైకు ముందు నల్లవాళ్లు, గల్లాపెట్టె ముందు తెల్లవాళ్లు. లాభం పోయింది తెల్ల యజమానికే. 1949లో అట్లాంటాలో జెస్సీ బ్లేటన్ అనే నల్ల లెక్కల ప్రొఫెసరు డబ్ల్యూఈఆర్‌డీ అనే రేడియోను కొనేదాకా ఆ దేశంలో నల్లవాడు యజమానిగా ఒక్క రేడియో లేదు. పాట మనదైతే చాలదు. మీ రేడియో కమిటీలో ఎవరెవరున్నారో, చెక్కు మీద సంతకం ఎవరిదో ఒకసారి మీరే చూసుకోండి. నేను అడగను.

ఇప్పుడు చెల్లె మాట. సినిమా పాటను గడప తొక్కనియ్యొద్దు అన్నది. ఆ కోపం నాకు అర్థమైతది. మన బాణీలు తీసుకపోయి సినిమావాళ్లు కోట్లు చేసుకున్నారు. 2023లో "నాటు నాటు"కు ఆస్కార్ వచ్చింది. అంతకుముందు నాటు అన్న మాట మనల్ని తిట్టటానికే పనికొచ్చేది. అయినా చెల్లె, నిషేధం పెట్టినవాళ్ల గతి ఏమైందో కూడా చూడాలె. 1952లో కేస్కర్ అనే కేంద్రమంత్రి ఆకాశవాణిలో సినిమా పాటను తొక్కిపెట్టాడు. జనానికి శాస్త్రీయ సంగీతం వినిపించి బాగుచేస్తానన్నాడు. జనం బాగుపడలేదు, రేడియో ముల్లు తిప్పి సిలోన్ పట్టుకున్నారు. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా కోసం వారం వారం కాసుకున్నారు. అయిదేండ్లకు, 1957 అక్టోబరు 3న సర్కారే విందులాగా వివిధ భారతి తెచ్చి సినిమా పాటలు వడ్డించింది. హార్మోనియం కథ ఇంకా ఘోరం. మన వీధినాటకానికి, భజనకు, చిందు ఆటకు ఆ పెట్టె లేకపోతే గడవదు. అది పరాయి వాయిద్యం, సంగీతానికి తగదు అని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని లోపలికి రానియ్యలేదు. ముప్పై ఏండ్లు! మనుషులకే కాదు, వాయిద్యాలకూ అంటరానితనం ఉన్న దేశం మనది.

పైనుంచి ఒకరు కూసోని "ఇదే మంచి పాట, ఇదే వినాలె" అంటే అది కేస్కర్ పనే అవుతుంది. మనం చేసినా అంతే. పొద్దంతా అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమి వచ్చిన అక్క ఒక పాత సినిమా పాట అడిగితే ఆమెకు లేదనొద్దు. రోజుకు ఒక అరగంట పెట్టండి, అడిగినవాళ్ల పేరు చెప్పి వెయ్యండి. దానికి కట్టాల్సింది కట్టండి. మిగతా పొద్దు మనది.

మనది అంటే ఏది? ఇక్కడ ఒకసారి మన వీపు మనం చూసుకోవాలె.

దర్శనం మొగులయ్య పేరు విన్నారు కదా. నాగర్‌కర్నూలు జిల్లా నుంచి వచ్చిన డక్కలి కళాకారుడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తాడు. 2021లో పెద్ద హీరో సినిమా పాటకు గొంతు కలిపాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో పత్రికలు ఏం రాశాయి? ఇదే మన పక్కన తుర్కయాంజాల్‌లో కట్టుబడి పనిలో కూలీగా ఉన్నాడని రాశాయి. తుర్కయాంజాల్ ఎంత దూరం ఇక్కడికి? మీ వంద వాట్లు అక్కడిదాకా వినపడతాయి. అంత పెద్ద కిన్నెర మన అలల కిందనే ఉంటే మనం సినిమా పాట కోసం కొట్లాడుకుంటున్నాం.

సర్కారును తిట్టటం సులువు. మనం డక్కలోళ్లను ఏం చేశాం? వాళ్లు మాదిగ ఇండ్ల ముందు జాంబపురాణం చెప్పి బతికే ఆశ్రిత కులం. మాదిగవాడ లోపలికి కూడా రానియ్యకుండా ఊరి బయట గుడిసె వెయ్యమన్నది ఎవరు? చిందోళ్లు మనకు ఆడి పాడి అడుక్కున్నారు. మాలలకు మాష్టీలు అట్లే. ఎస్సీ జాబితాలో 59 కులాలు ఉన్నాయి, రేడియోలో వినపడేవి ఎన్ని? మనల్ని ఊరు వెలివేసింది, మనం వీళ్లను వాడ నుంచి వెలివేశాం. జానపదం పెడదాం అని ఎగిరే ముందు ఎవరి జానపదం అని అడగండి. మొదటి వారం కిన్నెర పెట్టండి. రెండో వారం చిందు. పాడినవాళ్ల పేరు, ఊరు, కులం వాళ్లు చెప్పమన్నట్టు చెప్పండి. చెప్పొద్దంటే చెప్పకండి.

డబ్బులు ఇవ్వండి. ఇది నేను గట్టిగా చెప్తున్నా. "మనోడే కదా, ఉత్తగనే పాడతడు" అన్నది దొర మాట. వెట్టిలో డప్పు కొట్టించినోడు కూడా అదే అన్నాడు. వంద రూపాయలే ఇవ్వగలిగితే వందే ఇవ్వండి, రాసి ఇవ్వండి. యూట్యూబ్‌లో దొరికే జానపదం తీసి వేసేద్దాం అనుకుంటున్నారేమో. పాట తాతల నాటిదే కావచ్చు, ఆ రికార్డు మాత్రం ఏదో ఛానల్‌ది. అడగకుండా వెయ్యకండి. మీరే రికార్డు చేసుకోండి, అది మీ ఆస్తి అవుతుంది.

పైసల లెక్క కూడా చెప్పుకుందాం, లేకుంటే కరెంటోడు వచ్చి తీగ కత్తిరిస్తాడు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సముదాయ రేడియోలకు ప్రకటనల సమయం గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచింది. సర్కారు ప్రకటనకు ఇచ్చే రేటు పది సెకండ్లకు 52 రూపాయల నుంచి 74 చేసింది. పన్నెండు నిమిషాలూ నిండితే గంటకు 5,328 రూపాయలు. నిండదు. నిండిన రేడియోను నేను చూడలేదు. అందుకని టెంట్‌హౌసు, పంక్చరు షాపు, బ్యాండుమేళం, విత్తనాల దుకాణం దగ్గరికి పొండి. వాళ్లు సినిమా పాటకు డబ్బు ఇవ్వరు. సినిమా పాటకు అయితే పెద్ద రేడియో ఉండనే ఉంది. వాళ్ల గిరాకీలు వినే రేడియో అయితే ఇస్తారు. ఎల్‌బీ నగర్ లేబర్ అడ్డా మీద పొద్దున్నే నిలబడేవాళ్లలో పాలమూరోళ్లు, నల్లగొండోళ్లు ఎంతమంది! ఆ ఊళ్ల పాట ఈ పట్నంలో ఏ రేడియోలో వస్తది? నాట్లేసే పాట, విసుర్రాయి పాట, ఎల్లమ్మ కథ. వాళ్లు పనికి పొయ్యే ముందు ఒక గంట, పనినుంచి వచ్చినంక రెండు గంటలు. నడుమ పొద్దు ఎవరూ వినరు, ఆ టైంలో రికార్డింగులకు పొండి. రోజంతా కూయాలని ఎవరు చెప్పారు మీకు? మూడు గంటలు నికరంగా నడిపితే చాలు. కరెంటు కూడా మిగులుతుంది.

ఆదివారం సంగతి ఒకటి అడిగారు. మన వాడలో చర్చి ఉంది, ఎల్లమ్మ గుడి ఉంది, బుద్ధవందనం చేసేవాళ్లున్నారు. ఎవరి పాట పెట్టినా ఇంకొకరికి కోపం. మత భావాలు రెచ్చగొట్టొద్దని లైసెన్సు నిబంధన కూడా ఉంది. నేనైతే గొంతు చూసి పెట్టమంటాను. మెంఫిస్ రేడియో సగం నిలబడింది చర్చి పాటల మీదనే. మన ఆడవాళ్లు చర్చిలో గొంతెత్తి పాడినంత ధైర్యంగా ఇంకెక్కడా పాడరు. ప్రసంగం వద్దు, పాట పెట్టండి.

ఇంకొకటి. రేడియోలో మన సొంత వార్తలు చెప్పనియ్యరు, ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు తిరిగి వేసుకోవచ్చు, అంతే. కాబట్టి ఊళ్లో జరిగింది చెప్పాలంటే పాట ఒక్కటే మిగిలింది. కారంచేడు 1985లో జరిగింది, చుండూరు 1991లో జరిగింది. అప్పుడు ఊరూరికి కబురు పోయింది పత్రికలతో కాదు, పాటతోనే. అయితే పాటలు అన్నీ కడిగిన ముత్యాలు కావు. మన జానపదంలో ఆడదాన్ని కించపరిచే చరణాలు చాలా ఉన్నాయి. తోటి కులాన్ని ఎక్కిరించేవీ ఉన్నాయి. అవి వెయ్యొద్దు. ఏది వెయ్యొద్దో నలుగురు ఆడవాళ్లు కూసోని చెప్పాలె, మగవాళ్లు కాదు.

ఇక పెద్దాయన మాట.

డప్పు గురించి మనలో రెండు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. వెట్టి డప్పు కొట్టం అని కట్టె విరిచి పారేసిన ఊళ్లున్నాయి. అట్లా పారేసినందుకు బహిష్కరణలు భరించారు, దెబ్బలు తిన్నారు. ఇంకో పక్క, 1994లో ఈదుమూడిలో మొదలైన మాదిగ ఉద్యమం దండోరా అని డప్పు చప్పుడునే పేరు చేసుకున్నది. ఈ రెంటిలో ఏది తప్పు? నాకు రెండూ ఒప్పుగానే కనపడతాయి. దొర పిలిస్తే చావుకు కొట్టిన చేతిది ఒక కథ, మన మీటింగుకు మనం కొట్టిన చేతిది ఒక కథ. కాని చెవికి వినపడేది ఒకటే చప్పుడు. పెద్దాయన చెవిలో వాళ్ల నాయిన ఉన్నాడు. దాన్ని నేను సిద్ధాంతం చెప్పి తీసెయ్యలేను.

అందుకని ఒక మాట అడుగుతున్నా. డప్పు కార్యక్రమం మొదలుపెట్టేముందు ఆ పెద్దాయన్ని పిలవండి. డప్పు లేకుండా పిలవండి. వాళ్ల నాయిన ఎవరి ఇంటి ముందు కొట్టాడు, ఏమిచ్చారు, ఎండలో ఎంతసేపు నిలబెట్టారు, ఇంటికి వచ్చినంక ఏమనేవాడు, అన్నీ చెప్పమనండి. ఎంతసేపు చెప్తే అంతసేపు రికార్డు చెయ్యండి, కత్తెర పెట్టకండి. అది గాలిలోకి పోయినాక, ఆయన సరే అంటే డప్పు పెట్టండి. కాదంటే ఇంకొన్నాళ్లు ఆగండి. రేడియో ఆగితే కొంప మునగదు.

పెట్టినప్పుడు మాత్రం పద్ధతిగా పెట్టండి. డప్పును మంటకు బాగా కాపాలె, చల్లటి డప్పు రేడియోలో అట్టపెట్టె లెక్క వినపడతది. మైకు దగ్గర పెట్టకండి, సిర్ర దెబ్బకు మిషన్ చీలిపోతది. పది అడుగులు వెనక్కి పెడితే చిటికెన పుల్ల చప్పుడు కూడా విడిగా తెలుస్తది. గదిలో వద్దు, బయట పెట్టండి. ఏ దరువు వేస్తున్నారో ముందు చెప్పండి. పెండ్లి దరువు, జాతర దరువు సరే. చావు దరువు పొద్దున ఆరింటికి వేశారనుకోండి, వాడ వాడంతా లేచి ఎవరు పోయిండ్రని మీ స్టూడియోకు ఉరుకొస్తది.

రికార్డింగు ఈ ఆదివారం అనుకున్నారు కదా. డప్పు కాపటానికి ఎండుగడ్డి ఇప్పుడు ఈ ప్లాట్ల నడుమ దొరకటం కష్టం. ఎవరు తెస్తారో, పెద్దాయన ఇంటికి ఎవరు పోతారో, పేర్లు ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను.